ట్రైలర్ లాగడానికి డీజిల్ పికప్పా, గ్యాస్ (పెట్రోల్) పికప్పా? మైలుకి ఎంత పడుతుందో లెక్క వేయడం ఎలా?

మన దగ్గర డీజిల్ బండి అంటే చవక అనే లెక్క ఒకటి మనసులో స్థిరపడిపోయింది. బంకులో లీటరు ధర పెట్రోల్ కంటే తక్కువ, మైలేజీ ఎక్కువ, ఇంకేం కావాలి? అమెరికా వెళ్లినా ఈ లెక్క వదలదు. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఊరి బయట నాలుగెకరాలు కొని ట్రాక్టర్‌ని ట్రైలర్ మీద తీసుకెళ్లాలన్నా, వేసవి సెలవుల్లో క్యాంపర్ (లోపల బస చేసే ఇల్లులాంటి ట్రైలర్) తగిలించుకుని కొలరాడో వైపు వెళ్లాలన్నా పికప్ కావాలి. షోరూంలో అడుగుపెట్టగానే వచ్చే మొదటి మాట "డీజిల్ తీసుకుందామా?" అనే.

అక్కడ మాత్రం గాలన్ (సుమారు 3.8 లీటర్లు) డీజిల్ సాధారణంగా గ్యాస్ కంటే, అంటే పెట్రోల్ కంటే, ఖరీదు. ఫెడరల్ పన్నే గాలన్‌కి పెట్రోల్ మీద 18.4 సెంట్లు ఉంటే డీజిల్ మీద 24.4 సెంట్లు. పైగా పెద్ద పికప్పుల్లో డీజిల్ ఇంజిన్ కావాలంటే సుమారు 10 వేల డాలర్లు అదనంగా పెట్టాలి. కాబట్టి మైలేజీ ఒక్కటే చూస్తే సరిపోదు, మైలుకి ఎన్ని సెంట్లు పడుతోందో చూడాలి.

1. స్టిక్కర్ మీద అంకెను పక్కన పెట్టండి

బండి, లోడు కలిపి అనుమతించిన మొత్తం బరువు 8,500 పౌండ్లు దాటిన పికప్పులకు ప్రభుత్వ మైలేజీ స్టిక్కరే తప్పనిసరి కాదు. ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500, సిల్వరాడో 2500 లాంటివన్నీ ఈ కోవలోవే. చిన్న పికప్పులకు స్టిక్కర్ ఉంటుంది, కానీ ఆ అంకె ట్రైలర్ లేకుండా నడిపినప్పటిది. 2020 సిల్వరాడో 1500లో 3 లీటర్ల డీజిల్‌కి, టూ వీల్ డ్రైవ్ అయితే, హైవే మీద గాలన్‌కి 33 మైళ్లు అని రాశారు. వెనక క్యాంపర్ తగిలించాక ఆ అంకెతో పని లేదు.

2. ట్రైలర్ బరువుతో పాటు ముఖం కూడా చూడండి

ట్రక్ స్టాపుల్లో ఉండే కాటా మీద ట్రక్కు (అంటే మీ పికప్), ట్రైలర్ కలిపి ఒకసారి తూకం వేయించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు విడివిడిగా చీటీ మీద వస్తాయి. కంపెనీ కాగితంలో ఉన్న ఖాళీ బరువుకి నీళ్లు, వంట గ్యాస్ సిలిండర్లు, సామాన్లు కలిస్తే ఎంతైందో అప్పుడు తెలుస్తుంది. మామూలు ట్రైలర్ అయితే దాని బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కుకి ట్రైలర్‌ని తగిలించే కొక్కెం మీద, పడాలి. అంతకంటే తక్కువైతే ట్రైలర్ వెనక ఊగుతుంది. మైలేజీ సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి.

చాలామంది పట్టించుకోనిది ఆకారం. చదును రోడ్డు మీద ఒక వేగం అందుకున్నాక ఇంధనం ఎక్కువగా తినేది బరువు కాదు, గాలి. ట్రాక్టర్ ఎక్కించిన ఫ్లాట్‌బెడ్ (గోడలు లేని బల్లలాంటి ట్రైలర్) బరువుగా ఉన్నా గాలిని కాస్త వదిలేస్తుంది. అదే బరువున్న ఎత్తైన క్యాంపర్ అయితే గోడను వెనకేసుకుని వెళ్లినట్టే. అందుకే వేరే ట్రైలర్ లాగే స్నేహితుడి మైలేజీ మీకు పనికిరాదు.

3. ట్యాంకు నుంచి ట్యాంకుకి కొలవండి

డాష్‌బోర్డు చూపించే మైలేజీ చాలాసార్లు ఉన్నదానికంటే కాస్త ఎక్కువగానే ఉంటుంది. పాత పద్ధతే మేలు.

ఒక పంపు ఎంచుకోండి. నాజిల్ మొదటిసారి టక్‌మని ఆగేదాకా నింపి, అక్కడే ఆపండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం 50, 60 మైళ్లు ఒక దిక్కుగా వెళ్లి, అదే రోడ్డు మీద తిరిగొచ్చి, అదే పంపు దగ్గర అదే వైపు నిలబెట్టి, మళ్లీ మొదటి టక్ దాకా నింపండి. ట్రిప్ మీటర్ చూపించే మైళ్లను పట్టిన గాలన్లతో భాగిస్తే మీ మైలేజీ. వెళ్లిరావడం ఎందుకంటే, పోయేటప్పుడు ఎదురుగాలి ఉంటే వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, ఎక్కిన ఎత్తు దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది. ఒకవైపు మాత్రమే కొలిచి "నాకు 13 వచ్చింది" అనేవాళ్ల మాట నమ్మకండి.

డీజిల్‌తో ఇంకో తిరకాసు ఉంది, అది నురగ కడుతుంది. పెద్ద ట్రక్కుల వరసలో ఉండే నాజిల్ ధారగా పోస్తుంది కాబట్టి నురగ పైకి లేచి, ట్యాంకు నిండకముందే ఆగిపోతుంది. రెండు సార్లూ కార్ల వైపు పంపులోనే, మీటను సగమే నొక్కి నిదానంగా నింపండి. రెండోది, డీజిల్ పొగగొట్టంలోని ఫిల్టర్ అప్పుడప్పుడు పేరుకున్న మసిని తనే కాల్చుకుంటుంది. ఆ సమయంలో అదనంగా ఇంధనం ఖర్చవుతుంది, ఆ ట్యాంకు మైలేజీ పడిపోతుంది. అందుకని ఒక్క ట్యాంకు చూసి తీర్పు చెప్పకూడదు. మూడు నాలుగు ట్యాంకుల సగటు తీసుకోండి. టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు గేర్లు మార్చే తీరును సరిచేసే బటన్) ఆన్‌లో, వేగం ఒకేలా ఉంచండి.

ఇంకా కొనకముందే కొలవాలంటే? ట్రక్కు అద్దెకు తీసుకుని మీ ట్రైలర్ తగిలించి చూడటమే. అయితే మామూలు కార్ల అద్దె సంస్థలు చాలావరకు ట్రైలర్ లాగడాన్ని ఒప్పుకోవు. ఒప్పందంలో ఆ ముక్క చదివాకే సంతకం చేయండి.

4. మైలుకి సెంట్లలోకి మార్చండి

అంకెలు మీవి మీరు వేసుకోండి, లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి కొన్ని అనుకుందాం. గ్యాస్ ట్రక్కు ట్రైలర్‌తో గాలన్‌కి 8 మైళ్లు, డీజిల్ ట్రక్కు 11 మైళ్లు. గ్యాస్ ధర 3 డాలర్లు, డీజిల్ 3.75.

గ్యాస్: 3ని 8తో భాగిస్తే మైలుకి 37.5 సెంట్లు.

డీజిల్‌కి ముందు డెఫ్ కలపాలి. ఇది యూరియా ద్రావణం, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి విడి ట్యాంకులో పోస్తారు. బరువు లాగేటప్పుడు 100 గాలన్ల డీజిల్‌కి 3 గాలన్ల డెఫ్ పడుతుందని, దాని ధర గాలన్ 4 డాలర్లని అనుకుంటే, డీజిల్ ధరకి గాలన్‌కి 12 సెంట్లు కలుస్తాయి. 3.87ని 11తో భాగిస్తే 35.2 సెంట్లు.

మైలేజీలో దాదాపు 38 శాతం తేడా కనిపించింది. జేబులో మిగిలింది మైలుకి 2.3 సెంట్లు! ఏడాదికి 5 వేల మైళ్లు ట్రైలర్ లాగితే 115 డాలర్లు. ఇంజిన్‌కి అదనంగా పెట్టిన 10 వేలు ఈ లెక్కన తిరిగి రావాలంటే 87 ఏళ్లు కావాలి. డీజిల్ ధర 3.25కి దిగితే మిగులు 6.9 సెంట్లవుతుంది, అప్పుడూ 29 ఏళ్లు. అదే బతుకుతెరువు కోసం ఏడాదికి లక్ష మైళ్లు బరువులు లాగేవారికైతే ఈ రెండో ధర దగ్గర ఏడాదిన్నరలోనే వచ్చేస్తుంది.

దీన్నుంచి ఒక అడ్డదారి గుర్తుంచుకోవచ్చు. డెఫ్ కలిపి డీజిల్ ధర గ్యాస్ కంటే 25 శాతం ఎక్కువ ఉంటే, మైలేజీ కూడా కనీసం 25 శాతం ఎక్కువ రావాలి. అక్కడిదాకా మిగులు సున్నా.

ఖాళీగా తిరిగే మైళ్లను కూడా విడిగా లెక్కేయండి, ఎందుకంటే చాలామందికి ఏడాదిలో ఎక్కువ భాగం అవే. ఆయిల్ మార్పు ఖర్చు కూడా రాసుకోండి. పెద్ద డీజిల్ ఇంజిన్‌కి 10 నుంచి 13 క్వార్టుల (క్వార్టు అంటే దాదాపు లీటరు) నూనె పడుతుంది, ఫోర్డ్ 7.3 లీటర్ల గ్యాస్ ఇంజిన్‌కి 8. డీజిల్ వైపు ఊరట ఏంటంటే, అమ్మేటప్పుడు పెట్టిన అదనంలో కొంత వెనక్కి వస్తుంది.

5. ఘాట్ రోడ్డుకి వేరే లెక్క

ఇంతకీ డీజిల్‌కి ఆ మైలేజీ ఎక్కడిది? గాలన్ డీజిల్‌లో పెట్రోల్ కంటే 10 నుంచి 15 శాతం శక్తి ఎక్కువ. అది కాక, గాలిని గట్టిగా అదిమి మండించడం వల్ల ఆ శక్తిలో ఎక్కువ భాగం చక్రాలకు చేరుతుంది. గ్యాస్ ఇంజిన్ మీద భారం పెరిగితే, వేడిని అదుపు చేయడానికి కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోల్ పోస్తుంది. చిన్న టర్బో (గాలిని అదనంగా లోపలికి తోసే పరికరం ఉన్న) గ్యాస్ ఇంజిన్లు ఖాళీగా ఉన్నప్పుడు మురిపించి, ట్రైలర్ తగలగానే తాగేయడానికి ఇదొక కారణం.

ఎత్తుకు పోయేకొద్దీ తేడా ఇంకా తెలుస్తుంది. టర్బో లేని గ్యాస్ ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. కొలరాడోలో ఐ-70 మీది ఐసెన్‌హోవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తున ఉంది. అక్కడికి చేరేసరికి దాదాపు మూడో వంతు పోయినట్టే. గేరు దించి, ఇంజిన్ గోలపెడుతుంటే ఎక్కాలి. టర్బో డీజిల్ అదే ఎత్తును ఇంజిన్ తక్కువ చుట్లు తిరుగుతూనే, టెన్షన్ లేకుండా ఎక్కేస్తుంది. దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ బయటికి పోయే దారిని బిగించి ఇంజిన్‌తోనే వేగం తగ్గించేది) బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలవు. 10, 12 వేల పౌండ్లతో తరచూ కొండలెక్కేవాళ్లకి నేను డీజిలే చెబుతాను, పొదుపు కోసం కాదు, దీని కోసం. 5 వేల పౌండ్ల క్యాంపర్‌ని ఏడాదికి నాలుగుసార్లు లాగేవాళ్లకి గ్యాస్ చాలు.

6. కాలు కాస్త తేలిగ్గా

ఏ ఇంజిన్ కొన్నా పైసా ఖర్చు లేని పొదుపు వేగంలో ఉంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి 75 మైళ్ల నుంచి 65కి తగ్గితే ఆ నిరోధం పావు వంతు తగ్గుతుంది. ట్రైలర్ టైర్లలో కొన్నింటి గరిష్ఠ వేగమే 65 మైళ్లు, కాలిఫోర్నియాలోనైతే ట్రైలర్ లాగే బండ్లకు చట్టం పెట్టిన పరిమితి 55. టైర్ల గాలి బయలుదేరే ముందు, చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి.

డీజిల్ కొన్నాక దాన్ని పిల్లల్ని బడి దగ్గర దింపడానికి, పాల ప్యాకెట్లు తేవడానికి మాత్రమే వాడితే ఫిల్టర్‌లో మసి కాలేంత వేడి పుట్టదు. నెలకి ఒకటి రెండుసార్లు హైవే మీద అరగంటైనా నడపండి, ట్రైలర్ తగిలిస్తే ఇంకా మంచిది. అలా కుదరదంటే గ్యాస్ ట్రక్కే తీసుకోండి.