వానాకాలం పరుగులకు బొడిపెల ఇన్‌సోల్: బూటులో పెట్టే ముందు చూసుకోవాల్సినవి

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో. అంటే దానికి తయారయ్యేవాళ్ల ఎక్కువ దూరం పరుగులన్నీ (లాంగ్ రన్‌లు) జూన్, జులై వానల్లోనే పడతాయి. తడి రోడ్డు మీద కాలు మడతపడుతుందన్న భయంతో చాలామంది బొడిపెలున్న సెన్సరీ ఇన్‌సోల్ (బూటు లోపల అరికాలి కింద పరిచే పొర) తెప్పించుకునేదీ అప్పుడే. డబ్బా మీద రెండు మాటలుంటాయి: బ్యాలెన్స్ పెరుగుతుంది, గాయాలు తగ్గుతాయి. మొదటి మాటలో కొంత నిజముంది. రెండోదాన్ని నమ్ముకుని తొందరపడితే ఇన్‌సోలే గాయం తెచ్చిపెడుతుంది.

అరికాలి చర్మంలో స్పర్శను పట్టే నాడీ కొసలు ప్రధానంగా నాలుగు రకాలు. ఒత్తిడి, చర్మం సాగడం, జారడం, అదురు, ఇలా ఒక్కో రకం ఒక్కోదాన్ని బాగా పసిగడుతుంది. పాదం ఏ అంచు మీద పడింది, చీలమండ ఎటు వాలుతోంది అన్నది శరీరానికి తెలియడంలో వీటికి పెద్ద వాటా ఉంది. మెత్తటి ఫోమ్, నున్నటి సోల్, మందం సాక్స్ కలిస్తే ఆ కబురు మసకబారుతుంది. బొడిపెలు దాన్ని మళ్లీ కాస్త పదును చేస్తాయి. 2003లో ఆస్ట్రేలియా మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారులను పరీక్షించినప్పుడు, బూట్లు వేసుకున్నాక చీలమండ ఎంత వాలిందో పోల్చుకునే శక్తి వట్టికాళ్లతో ఉన్నప్పటికంటే తగ్గింది. నున్నటి ఇన్‌సోల్ తీసి గరుకు ఇన్‌సోల్ పెడితే మళ్లీ వట్టికాళ్ల స్థాయికి వచ్చింది. కానీ పరిశోధకులు కొలిచింది స్పర్శజ్ఞానాన్ని, బెణుకుల లెక్కను కాదు. ఈ తేడాని అమ్మేవాళ్లు చెప్పరు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, ఇది మీ కాలికి పనికొస్తుందా లేదా అని. షుగర్ ఉండి అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు, మొద్దుబారడం ఉంటే బొడిపెల సోల్ జోలికి పోవద్దు. ఒత్తుకుపోతున్నా తెలియదు, పుండు పడ్డాకే కనిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు తిమ్మిర్లు లేకపోయినా సరే, డాక్టర్ దగ్గర 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష చేయించుకున్నాకే ఆలోచించాలి. సన్నటి నైలాన్ పోగును అరికాలి మీద అక్కడక్కడా ఆనించి, తెలుస్తోందా అని అడుగుతారు. నిమిషాల పని. ఆనెకాయలు, లోతైన మడమ పగుళ్లు, వేళ్ల సందుల్లో ఫంగస్ ఉన్నవాళ్లు అవి మానేదాకా ఆగాలి. పొద్దున మంచం దిగగానే మడమలో పోటు వస్తున్నవాళ్లకి ఇది మందు కాదు, కొందరికి బొడిపె సరిగ్గా నొప్పి చోటే గుచ్చుకుంటుంది.

కొనేటప్పుడు బొడిపెను గోటితో నొక్కి చూడండి. అణగాలి, వదలగానే పైకి లేవాలి. గోళీలా గట్టిగా ఉంటే అది ఇంట్లో నాలుగడుగులు నడవడానికేమో గానీ 20 కిలోమీటర్ల పరుగుకు కాదు. బొడిపెలు అరికాలంతా సమానంగా పరుచుకుని ఉండాలి. ఒక్క ముందు పాదం కిందే పెద్దవి ఉంటే మూడో, నాలుగో వేళ్ల మధ్య నరం నలిగి తిమ్మిరెక్కుతుంది.

బిగించడంలోనే ఎక్కువమంది పొరపడతారు. బూటుతో వచ్చిన ఇన్‌సోల్‌ను తీసేయాలి, దాని మీద ఇంకోటి పేర్చకూడదు. రెండు పొరలైతే మడమ పైకి లేచి, బూటు వెనక అంచు పట్టు తప్పుతుంది. చీలమండ మడత పడకూడదని పెట్టుకున్న వస్తువే మడత పడేలా చేస్తుంది. పాత సోల్‌ను కొత్తదాని మీద మడమలు కలిసేలా పెట్టి పెన్నుతో గీయండి. వేళ్ల వైపు మాత్రమే, ఒక్కో మిల్లీమీటరు చొప్పున కత్తిరిస్తూ బూటులో పెట్టి చూడండి. మడమ వైపు కత్తెర పెట్టొద్దు. కొస పొడుగుంటే ముందు ముడుచుకుని, ఆ ముడత మీద బొటనవేలు ఒరుస్తుంది. పొట్టిగా కోస్తే సోల్ ముందుకూ వెనక్కూ జారుతుంది, దాన్ని సరిదిద్దే దారి లేదు. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బినప్పుడు వేసుకుని, పొడుగు వేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉందో లేదో చూసుకోండి.

పరిగెత్తే ముందు ఒక పరీక్ష. గోడ పక్కన ఒంటికాలి మీద, కళ్లు మూసుకుని, 30 సెకన్ల దాకా నిలబడాలి. పాత సోల్‌తో మూడుసార్లు, కొత్తదానితో మూడుసార్లు, రెండు కాళ్లకీ. తేడా ఏమీ లేకపోతే కొత్తదాన్ని పక్కన పెట్టేయొచ్చు. తేడా ఉంటే మొదటి వారం ఇంట్లో రోజుకి గంటసేపు నడకకే వాడండి. రెండో వారం రోజు మార్చి రోజు 2, 3 కిలోమీటర్ల నెమ్మది పరుగు. మూడో వారం నుంచి అయిదారు కిలోమీటర్లు. లాంగ్ రన్ ఆ తర్వాతే. రేసుకి నాలుగు వారాలలోపు ఉంటే కొత్తది మొదలుపెట్టొద్దు. ప్రతిసారీ బూటు విప్పగానే అరికాలు చూసుకోండి. బొడిపెల అచ్చు పడటం మామూలే. అరగంట గడిచినా ఎర్రమచ్చ పోకపోతే ఆ చోట ఒత్తిడి ఎక్కువైందని అర్థం. గిలిగింతలా ఉంటే ఫరవాలేదు, తిమ్మిరెక్కితే ఆ రోజు అక్కడితో ఆపాలి.

ఇక వాన. నానిన చర్మం మెత్తబడుతుంది. దాని కింద గరుకు సోల్ ఉంటే ఒరుపు పెరిగి బొబ్బలొస్తాయి. కాటన్ సాక్స్ తడిని వదలవు, మందం సాక్స్ బొడిపెల్ని కప్పేస్తాయి. పలచటి సింథటిక్ సాక్స్ వేసుకోండి. సాక్స్ లేకుండా మాత్రం వద్దు. లేసు రంధ్రాల్లో పైన ఉన్న ఆఖరి జత కూడా వాడి మడమను బిగిస్తే లోపల పాదం జారడం తగ్గుతుంది. రోడ్డు మీద పట్టు బయటి సోల్‌ది, లోపలిదానితో దానికి సంబంధమే లేదు. ఫ్లైఓవర్ల ఇనుప జాయింట్లు, మ్యాన్‌హోల్ మూతలు, తెల్ల పెయింట్ పట్టీలు తడిసినప్పుడు అడుగు కుదించి దాటాల్సిందే.

ఇంటికి రాగానే ఇన్‌సోల్ బయటికి తీసి, సబ్బునీళ్లతో తుడిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. ఎండలోనో, కారు డ్యాష్‌బోర్డు మీదో పెడితే ఫోమ్ ముడుచుకుపోయి మళ్లీ బూటులో కుదరదు. బూట్లలో పాత పేపర్లు కుక్కి, గంటకోసారి మార్చండి. ముసురు పట్టిన వారంలో ఒక్క జత ఆరదు. రెండు జతలు మార్చి మార్చి వాడటమే దారి.

కొన్ని రోజులు వాడాక బొడిపెలు కాలికి తెలియడం మానేస్తాయి. కారణాలు రెండు. ఒకటి, చర్మం అలవాటుపడటం. రెండోది, బొడిపెలే చదునవడం. కొన్నప్పుడు కత్తిరించిన ముక్కను దాచుకుంటే దానితో పోల్చి చూడొచ్చు. ఎత్తు సగానికి పడిపోయిందంటే మార్చాల్సిన సమయం వచ్చినట్టే.

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు దీని మీద డబ్బు పెట్టకపోవడమే మంచిది. వాళ్ల కాన్వాస్ బూట్లలో లోతు ఉండదు, సోల్ దూర్చితే వేళ్లు పైకప్పుకి తగులుతాయి. పిక్క ముందు ఎముక నొప్పి తగ్గుతుందని కొనాలనుకుంటే, ఆ నొప్పికి అసలు కారణం సాధారణంగా గట్టి నేల మీద ఒక్కసారిగా పరుగు పెంచడమే.

చీలమండ బెణుకుల్ని తగ్గిస్తుందని గట్టి రుజువున్నది బ్యాలెన్స్ సాధనకి. రోజూ పది నిమిషాలు వట్టికాళ్లతో, ముందు గచ్చు మీద, తర్వాత మడత పెట్టిన దుప్పటి మీద ఒంటికాలి నిలకడ చేయండి. ఒకసారి బెణికిన కాలికి ఇది మరీ అవసరం. బూటుతో వచ్చిన పాత ఇన్‌సోల్స్‌ను పారేయకండి. రేసు వారంలో చర్మం ఒరుసుకుపోయి ఉంటే రేసు రోజుకి అవే వేసుకోవాలి.