కర్చీఫ్ వేసి ఆపుకోలేని సీటు

ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునేవాళ్ళ పంచాయితీలు ఎన్ని తీర్చానో లెక్కలేదు. ఇప్పుడా సీటు కోసం నేనే చూస్తున్నాను. డల్లాస్‌లో మా పెద్దమ్మాయిది ఒక విమానాల కంపెనీలో ఉద్యోగం. తల్లిదండ్రులకిచ్చే పాసు మీద నేనూ మా ఆవిడా చికాగోలో చిన్నమ్మాయి దగ్గరికి స్టాండ్‌బైలో వెళ్ళొస్తుంటాం. టికెట్ కొన్నవాళ్ళందరికీ పోగా మిగిలితేనే మనకి సీటు.

ముందురోజు రాత్రే ఖాళీలెన్ని, లిస్టులో ఎంతమంది అని పిల్లల్ని అడగండి. పన్నెండు ఖాళీలు, ఐదుగురు మనుషులు అన్నా గుండెమీద చెయ్యేసుకుని పడుకోకండి. ముందు విమానం రద్దయిందంటే ఆ జనమంతా మన విమానం మీదే పడతారు. అందుకే తెల్లారగట్ల మొదటి సర్వీసుకే పేరు పెట్టించండి. అది తప్పినా వెనక ఇంకా విమానాలుంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక డల్లాస్‌లో ఉరుములు మొదలైతే లెక్కలన్నీ గల్లంతే. మంగళ, బుధవారాలు నయం. థాంక్స్‌గివింగ్ పండగ వారంలో ఇల్లు కదలకండి.

చెక్-ఇన్ 24 గంటల ముందు మొదలవుతుంది. కొన్ని కంపెనీల్లో ముందు చేసినవాళ్ళకే ముందు వరస, కొన్నిట్లో ఉద్యోగి సర్వీసును బట్టి. మొదటి రకమైతే అలారం పెట్టుకోవాల్సిందే.

సామాను చేతిసంచీ ఒక్కటే. పెట్టె లగేజీలో వేశామా, అదో దారి మనమో దారి. మా ఇంట్లో యుద్ధం ఇక్కడే. ఆవకాయ సీసా చేతిసంచీలో పెడితే 100 మిల్లీలీటర్లు దాటినందుకు సెక్యూరిటీలోనే ఆపేస్తారు. అంత ఊట ఉన్నదాన్ని ద్రవం కాదని వాదించి లాభం లేదు. కందిపొడి పోనిస్తారు, డబ్బా పెద్దదైతే తెరిచి చూస్తారు.

సీటు నంబరు లేని బోర్డింగ్ పాసుతోనే సెక్యూరిటీ దాటొచ్చు. గేటు దగ్గర టీవీలో లిస్టు కనిపిస్తుంది. ఇంటిపేరులో మూడక్షరాలే వేస్తారు కాబట్టి ఇద్దరు రెడ్లుంటే ఇద్దరూ లేచి నిలబడతారు. కౌంటర్లో అమ్మాయిని ఊరికే అడుగుతూ విసిగించకండి. మనం నోరు జారితే పోయేది పిల్లల పాసు. తలుపు మూసే ముందు పదిహేను, ఇరవై నిమిషాల్లోనే పేర్లు పిలుస్తారు. సరిగ్గా అప్పుడే బాత్రూముకి వెళ్ళకండి. సీటు రాకపోతే తర్వాతి విమానం లిస్టులోకి పేరు మారిందో లేదో చూసుకుని కదలండి.

పాసు లేకపోయినా, టికెట్ ఉన్నవాళ్ళు అదేరోజు ముందు విమానానికి స్టాండ్‌బై అడగొచ్చు. అమెరికాలో చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. పెట్టె వేసెయ్యకముందే అడగండి.

ఇద్దరికి ఒక్క సీటే వస్తే ఎవరెక్కాలో ఇంట్లోనే అనుకోండి. మేము అనుకోలేదు. పేరు పిలిచాక "మీరు వెళ్ళండి", "కాదు నువ్వెళ్ళు" అంటూ తలుపు దగ్గర నిలబడ్డాం. వెనకున్న కుర్రాణ్ణి పిలవబోతుంటే ఆవిణ్ణి తోసినంత పని చేశాను. నా బీపీ మాత్రలు ఆవిడ సంచీలో చికాగో వెళ్ళిపోయాయి. నాకు సాయంత్రం ఆరింటికి గానీ సీటు రాలేదు. అప్పట్నుంచి ఎవరి మాత్రలు, ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే. కందిపొడి మాత్రం ఆరోజు నా సంచీలోనే ఉండిపోయింది.