కట్టడాల బొమ్మలు – 3వ పాఠం: మూలకు గీత అక్కర్లేదు

పోయిన పాఠంలో మన తిరుపతి పక్కనున్న చంద్రగిరి రాజమహల్‌ను పెన్సిలుతో పెట్టెలు పెట్టెలుగా విడగొట్టుకున్నాం. ఎవరైనా కిటికీలన్నీ లెక్కపెట్టి గీసుంటే సగం తుడిచేయండి. మూడంతస్తులు, కమానుల వరుస, పైన కోసుగా లేచిన శిఖరాలు ఉంటే చాలు, మనూరివాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

ఇక రంగు. ఈ పద్ధతిలో కట్టడం చుట్టూ నల్లగీత వేయం. ఎండగోడ ఒక రంగు, నీడగోడ ఇంకో రంగు, రెండూ ఒరుసుకునే చోటే మూల. 1920లలో అమెరికాలో చార్లెస్ షీలర్, చార్లెస్ డెమూత్ అనే చిత్రకారులు ఫ్యాక్టరీలను, ధాన్యపు గాదెలను ఇలాగే వేశారు. షీలర్ ఫొటోగ్రాఫరు కూడా. 1927లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీని ఫొటోలు తీశాడు, తర్వాత అదే చోటును రంగుల్లో వేశాడు. కాబట్టి ఫోన్లో ఫొటో చూసి వేయడానికి మొహమాటపడకండి.

ఫొటో మాత్రం పొద్దున ఎనిమిదికో సాయంత్రం నాలుగుకో తీయండి. ఏప్రిల్ చివర్లో మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఎండగోడా ఉండదు, నీడగోడా ఉండదు.

అక్రిలిక్ రంగులు మూడు పెరుగు కప్పుల్లో కలుపుకోండి. ఎండగోడకు మట్టిపసుపు రంగైన యెల్లో ఆకర్‌లో తెలుపు. నీడకు అదే రంగులో కాస్త ఊదా. నలుపు కలిపారో, గోడ మసిబట్టినట్టు ఉంటుంది. కమాను లోపలి మందానికి ఈ రెంటి మధ్య రంగు. ఒక్కసారే సరిపడా కలపండి, మళ్లీ అదే రంగు కలపడం నా వల్ల ఇప్పటికీ కాదు. ఆరాక ఒక పిసరు ముదురుతుంది కూడా.

ఇప్పుడు మాస్కింగ్ టేపు, అంటే రంగు అవతలికి పోకుండా అంటించి తీసేసే కాగితపు టేపు. నేను మొదటిసారి అంటించినప్పుడు రంగు టేపు కిందికి దూరి గోడకు జెర్రికాళ్లు మొలిచాయి. పీకితే కాగితం పొర కూడా లేచొచ్చింది. అందుకే టేపును ముందు ప్యాంటుకో పంచెకో ఒకసారి అంటించి తీయండి, జిగురు తగ్గుతుంది. ఎండగోడ రంగు బాగా ఆరాక మూల వెంబడి అంటించి, గోటితో అంచును రుద్దండి. నీడరంగు అప్పుడే వద్దు! టేపు అంచు మీద మళ్లీ ఎండగోడ రంగునే పల్చగా పూయండి. కిందికి దూరేదేదో అదే దూరి సందులు మూసేస్తుంది, కంటికి కనబడదు. అది ఆరాక నీడరంగు, చదును బ్రష్షుతో, టేపు మీద నుంచి బయటికి లాగుతూ. కాస్త తడి ఉండగానే టేపును వెనక్కి మడిచినట్టు పట్టుకుని నిదానంగా లాగండి.

కమానుకు టేపు వంగదు. వృత్తలేఖినితో గీసి, చేత్తోనే నింపాలి. మణికట్టు తిప్పకుండా కాగితాన్ని తిప్పుకోండి.

ఈ వారం మహల్ మొత్తం వద్దు. రెండు గోడలు కలిసే మూల, ఒక కమాను, పైన కొంచెం ఆకాశం, అంతే. వచ్చే పాఠంలో గోవిందరాజస్వామి గుడి గోపురం. అన్ని బొమ్మలున్న ఏడంతస్తులను ఏడు పలకలుగా కుదించాలి, ఇంకో టేపు చుట్ట కొనిపెట్టుకోండి.