మా చిన్న కుక్కకి సప్లిమెంట్లు పెట్టాలా? నా అనుభవం

మా కుక్క బరువు 4 కిలోలు. బొచ్చులో మెరుపు తగ్గింది, దువ్వితే వీపు మీంచి తెల్లటి పొట్టు రాలేది. చూసినవాళ్లంతా మల్టీవిటమిన్ వేయమన్నారు.

ముందు డాగ్ ఫుడ్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివాను. ఎదిగిన కుక్కలకు సంపూర్ణ, సమతుల ఆహారం అని ఉంది. అంటే విటమిన్లు, ఖనిజాలు అందులోనే సరిపడా ఉన్నట్టు. పైన ఇంకో మాత్ర వేస్తే ఎక్కువయ్యేదే. విటమిన్ డి మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. మనుషులు చప్పరించే విటమిన్ గమ్మీల (జెల్లీ బిళ్లల) జోలికి అసలు పోకండి, కొన్నింటిలో చక్కెర బదులు వేసే జైలిటాల్ కుక్కలకి విషం.

తర్వాత ట్రీట్ల లెక్క చూశాను. ఇంత ఒంటికి రోజుకి సుమారు 250-300 కేలరీలు చాలు, అందులో ట్రీట్లు 10 శాతం దాటకూడదు. మా ఇంట్లో తలో ముక్కా పెడుతుంటే అది గిన్నెలో సగం వదిలేస్తోంది! రోజు కోటా చిన్న డబ్బాలో వేసి, అయిపోతే ఇక లేదన్నాను. అలిగింది లెండి.

డాక్టర్ చర్మం, గోమార్లు చూసి, ఫిష్ ఆయిల్ ఒక్కటే రాశారు, బరువుని బట్టి. కాడ్ లివర్ ఆయిల్ (కాడ్ చేప కాలేయం నుంచి తీసే నూనె) వద్దన్నారు, అందులో ఎ, డి విటమిన్లు ఎక్కువ. విరేచనాలు కాకుండా సగం మోతాదుతో మొదలుపెట్టాం. కొన్ని వారాలు పట్టింది గానీ, ఇప్పుడు దువ్వెనకి పొట్టు అంటడం లేదు.

ఇంట్లో వండిపెట్టేవాళ్ల సంగతి వేరు. ఆ తిండిలో కాల్షియం చాలదు, డాక్టర్ లెక్కకట్టిన సప్లిమెంట్ వాళ్లకి తప్పదు.