65 దాటినవారికి మెథోట్రెక్సేట్ మొదలుపెట్టే ముందు

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు (ఒక రకం కీళ్లవాతం) ఈ మాత్ర వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. డబ్బా మీద, వేసుకునే రోజు బుధవారమైతే "బుధవారం మాత్రమే" అని పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. బీపీ మాత్రల పక్కన అసలు ఉంచకండి. చూపు మందగించిన అమ్మకో నాన్నకో మాత్ర అందించేవారికి కూడా ఈ సంగతి తెలియాలి.

• వయసుతో మూత్రపిండాల వడపోత తగ్గి మందు ఒంట్లో నిలిచిపోతుంది. కండ కరిగినవారిలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూసే రక్తపరీక్ష) మామూలుగానే కనిపించవచ్చు. అందుకే ఈజీఎఫ్ఆర్ (మూత్రపిండాల వడపోత వేగం అంచనా) ఎంతో అడగండి.

• రక్తకణాలు, కాలేయం పరీక్షలు అయ్యాయా?

• ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) రాశారా?

• నొప్పి మాత్రలు సొంతంగా కొని వేయకండి.

• నోటిపూత, జ్వరం, పొడిదగ్గు, ఆయాసం కనిపిస్తే తర్వాతి మోతాదు వేయకుండా వెంటనే డాక్టరును కలవండి.

• బదులుగా టోఫాసిటినిబ్ (ఇదే జబ్బుకు మరో మాత్ర) రాస్తే, గుండెజబ్బు, పొగతాగే అలవాటు దాచకండి.