ఎలక్ట్రిక్ కారు ఇప్పుడే కొనాలా, ఆగాలా: ఒక లెక్కల టీచరు రఫ్ నోటు

నన్నడిగితే కారు సంగతి తర్వాత, ముందు బదిలీ ఆర్డరు చేతికి రానివ్వండి. 2023లో మా స్టాఫ్‌రూంలో అందరికీ ఈవీ (ఎలక్ట్రిక్ కారు) జ్వరం పట్టుకుంది. అప్పుడు నా స్కూలు ఎచ్చెర్ల దగ్గర, శ్రీకాకుళంలో ఇంటి నుంచి రానూపోనూ 20 కిలోమీటర్లు. లెక్క వేసి ఆగిపోయాను. 2025 వేసవి బదిలీల్లో టెక్కలి అవతల పడ్డాను. రోజుకి 100 కిలోమీటర్లు. అదే నోటుబుక్కు, అదే లెక్క, జవాబు మాత్రం తిరగబడింది.

ఆ లెక్క ఇది. నెలకి 24 పనిదినాలు, 2,400 కిలోమీటర్లు. పెట్రోలు కారు లీటరుకి 16 ఇస్తే 150 లీటర్లు, లీటరు 110 చొప్పున 16,500 రూపాయలు. ఎలక్ట్రిక్ కారు ఇంటి మీటరులో ఒక యూనిట్ తిరిగితే దాదాపు 6 కిలోమీటర్లు నడుస్తుంది. కారు తెర మీద 7 కనిపిస్తుంది గానీ, చార్జింగ్‌లో పోయేది అందులో కలవదు. అంటే నెలకి 400 యూనిట్లు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఇంటి వాడకానికి ఈ 400 తోడైతే బిల్లు పై శ్లాబులోకి ఎక్కుతుంది, అక్కడ యూనిట్ 9.75. మూడు రూపాయల కరెంటుతో కారు నడుస్తుందని చెప్పేవాడు మీ బిల్లు చూడలేదన్నమాట. ట్రూఅప్ (కరెంటు కంపెనీలు తర్వాత బిల్లులో కలిపే సర్దుబాటు చార్జీ) వగైరా కలిపి నేను 4,500 వేసుకున్నాను. మిగులు నెలకి 12,000. సెలవులు తీసేస్తే పది నెలలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు. అదే సైజు పెట్రోలు కారుకీ దీనికీ తేడా నాకు ఇచ్చిన కొటేషన్లలో 4 లక్షలు. మూడేళ్ల నాలుగు నెలల్లో తీరిపోతుంది.

విజయనగరం కంటోన్మెంట్‌లో ఉండే మా తమ్ముడికీ ఇదే లెక్క వేసి చూపించాను. వాడు తిరిగేది బజారుకి, నెలకోసారి విశాఖకి. 400 కిలోమీటర్లు దాటదు. నెలకి మిగిలేది రెండు వేలు. నాలుగు లక్షలు రావడానికి పదహారేళ్లు పైనే. "అక్కా, నువ్వు కొనుక్కుని నన్ను వద్దంటావేంటి?" అని వారం రోజులు ముఖం ముడుచుకున్నాడు. వద్దనలేదు, పాత బండికి క్లచ్చో, నాలుగు టైర్లో ఒకేసారి ఖర్చు వచ్చిన రోజున మళ్లీ నోటుబుక్కు తియ్యమన్నాను. ఆ ఖర్చు పెట్టకముందు అమ్మెయ్యాలి, పెట్టాక కాదు. ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి నెల ముందైతే ఇంకా మంచిది.

మీరు నలుగురు టీచర్లు కలిసి ఒకరి కారులో వెళ్తున్నారా? అయితే మీ అసలు ఖర్చు 16,500 కాదు, అందులో నాలుగో వంతు. లెక్కలో అదే వెయ్యండి. నేను కొన్నాక మా మాస్టార్లు "కరెంటు బండే కదా మేడం, ఇంకా డబ్బులెందుకు?" అన్నారు. కిస్తీ కాగితం చూపించాల్సి వచ్చింది.

పాత లెక్కలు పనికిరావు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఎలక్ట్రిక్‌కి ఎప్పటిలాగే 5 శాతం. అంటే రెండిటి ధరల మధ్య తేడా పెరిగింది. అప్పు వడ్డీ మీద లక్షన్నర దాకా ఆదాయపన్ను మినహాయింపు ఉందని ఇంకా చెప్పే సేల్స్ కుర్రాళ్లున్నారు. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే.

"వచ్చే ఏడాది కొత్త మోడలు వస్తుంది, ఆగుదాం" అనేదానికి అంతు లేదు. ధరలు తగ్గే మాట నిజమే, 2024 ఫిబ్రవరిలో టాటా నెక్సాన్ ఈవీ మీద ఒక్కసారిగా 1,20,000 దాకా తగ్గించారు. కానీ నెలకి 12,000 మిగిలేవాళ్లకి పది నెలలు ఆగితే పోయేదీ అంతే. నెలకి రెండు వేలు మిగిలేవాళ్లు హాయిగా ఆగొచ్చు.

వారంటీ కూడా మీ కిలోమీటర్లతో చూడండి. బ్యాటరీకి మామూలుగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఏడాదికి 24,000 తిరిగే నాకు అది ఆరేళ్ల ఎనిమిది నెలలే.

ఆషాఢంలో షోరూంవాళ్లే ఫోన్ చేసి బేరానికి దిగుతారు. మా అత్తగారు "ఏటమ్మా, ఆషాడంలో ఇనప సామానా?" అన్నారు. ఆ నెలలో బేరం ఖాయం చేసుకుని, శ్రావణంలో బండి తెచ్చుకుని, ఆదివారం అరసవల్లిలో పూజ చేయించాం. డిసెంబరు తగ్గింపులకి వెళ్తే మాత్రం తయారైన నెల అడిగి రాయించుకోండి. మళ్లీ అమ్మేటప్పుడు తయారీ సంవత్సరమే చూస్తారు.

ఇవన్నీ కుదిరినా, ఇంట్లో ప్లగ్గు సిద్ధం కాకుండా బుకింగ్ డబ్బు కట్టొద్దు. నేను కట్టేశాను. బండి వచ్చేసరికి వైరింగ్ కాలేదు. మా ఎలక్ట్రీషియన్ వంటింటి లైను నుంచి సన్నటి వైరు లాగి "రెండ్రోజులకి పర్లేదు మేడం" అన్నాడు. రాత్రి పన్నెండుకి కాలిన ప్లాస్టిక్ వాసన. వెళ్లి చూస్తే ప్లగ్గు ముఖం గోధుమరంగు తిరిగి, పిన్ను చుట్టూ మెత్తబడి ఉంది. చెయ్యి పెట్టలేనంత వేడి. ఆరేడు గంటలు ఆగకుండా 3 కిలోవాట్లు లాగే సామాను మన ఇళ్లలో ఇంకొకటి లేదు, గీజరు కూడా పావుగంటే. కాబట్టి మీటరు బోర్డు నుంచి నేరుగా 4 ఎంఎం రాగి వైరు, దానికి విడిగా ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చు), 16 ఆంపియర్ల సాకెట్టు, సొంత ఎర్తింగ్. ఇంటి కనెక్షన్ లోడు 2 కిలోవాట్లే ఉంటే ముందుగా లోడు పెంచమని కరెంటు ఆఫీసులో దరఖాస్తు. అపార్ట్‌మెంటైతే అసోసియేషన్ ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి, నోటిమాట చాలదు.

తుఫాను రోజుల గురించి ఒక ముక్క. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అందుకే పాత స్కూటీ అమ్మలేదు. వాయుగుండం అనే మాట వినపడగానే బండి నిండా చార్జింగ్ పెట్టేస్తాను.

ఇంకొకటి, మే నెలలో తెలిసింది. ఒక రాత్రి చార్జరు మీద ఎర్ర లైటు, ఎంతకీ ఎక్కదు. కారు పాడైందనుకున్నాం. తీరా చూస్తే ఎండలకి ఎర్త్ గుంత ఎండిపోయింది, ఎర్తింగ్ అందక చార్జరు ఆగిపోయింది. రెండు బకెట్ల నీళ్లు పోసి పావుగంట ఆగితే పచ్చ లైటు వచ్చింది. ఇప్పుడు సాయంత్రం మల్లెపాదుకి నీళ్లు పెట్టేటప్పుడు మా అత్తగారే దానికీ ఒక బిందె పోస్తున్నారు.