పక్షుల పాట చదవడం – 4వ పాఠం: సారెలగాడి గొంతులో సొంతమెంత, అరువెంత

గత పాఠంలో చేసిన రికార్డింగులే ఇప్పుడు మన ముడిసరుకు. ఈసారి సారెలగాడినే (పెద్ద నలంచి) తీసుకుందాం. నలుపు తెలుపుల ఈ మగపిట్ట ఎండాకాలంలో తెల్లవారకముందే చెట్టుకొనకో కరెంటు తీగ మీదికో చేరి పాడుతుంది. ఆ కాలంలో తన హద్దు వదలదు కాబట్టి మర్నాడు వెళ్లినా అదే పిట్ట దొరికే అవకాశం ఎక్కువ.

ఫైలు వేవ్ రూపంలో, 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శబ్ద నమూనాలు) వద్ద తీసినదై ఉండాలి. వాయిస్ మెసేజీగా పంపుకున్నది వాడొద్దు. కుదింపులో పాటలోని సన్నని వివరాలు పోతాయి. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి స్పెక్ట్రోగ్రామ్‌కు (ఏ క్షణాన ఏ స్థాయి స్వరం ఉందో గీతలుగా చూపే బొమ్మకు) మార్చండి. గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 10,000 హెర్ట్జ్, విండో సైజు (ఒక్కోసారి లెక్కకు తీసుకునే శబ్దపు ముక్క పొడవు) 512 పెట్టండి. 2048 పెడితే గీతలు సన్నబడతాయి గానీ వేగంగా వచ్చే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

రెండు నిశ్శబ్దాల మధ్య వచ్చే ముక్కను చరణం అందాం. ఒక్కోదాన్ని ఎంచుకుని కంట్రోల్+బి నొక్కి అ1, అ2 అని పేరు పెట్టండి. స్వరాల సంఖ్య, వరుస, ఎక్కే దిగే తీరు ఒకటైతే అదే చరణం. గీత ముదురా లేతా అన్నది లెక్కలోకి రాదు. పిట్ట తల అటు తిప్పితే చాలు, పైస్థాయి స్వరాలు సగం మాయమవుతాయి. కొత్తగా నేర్చుకునేవారు దాన్నే వేరే చరణంగా రాసేస్తుంటారు.

ప్రతి 10 చరణాలకు కొత్తవి ఎన్ని వచ్చాయో ఒక పట్టికలో వేసుకోండి. ఆ అంకె దాదాపు సున్నాకు దిగేదాకా రికార్డింగు ఆపకండి. ముందే ఆపితే ఒకే పిట్ట రెండు రోజుల పాట రెండు పిట్టలదిగా కనిపిస్తుంది.

పక్కపక్క హద్దుల్లోని మగపిట్టలు కొన్ని చరణాలు పంచుకోవచ్చు. అందుకే ఒక్క చరణాన్ని పట్టుకుని ఇది ఫలానా పిట్ట అనకూడదు. ఏవేవి పాడుతుంది, దేని తర్వాత ఏది వస్తుంది అన్నది చూడాలి. రెండు పాటలు ఒకదానిపై ఒకటి పడిన రికార్డింగు దొరికితే మాత్రం అవి రెండు పిట్టలేనని నిస్సందేహంగా చెప్పొచ్చు.

ఇక అనుకరణ, అంటే సారెలగాడు వేరే పిట్టల గొంతును తన పాటలో కలపడం. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. పాట మధ్యలో పిగిలిపిట్ట (బుల్‌బుల్) పిలుపు వినిపిస్తే ముందు అది ఎటునుంచి వచ్చిందో, ఆ క్షణాన సారెలగాడి ముక్కు కదిలిందో లేదో చూడండి. పక్క కొమ్మ మీద నిజంగానే పిగిలిపిట్ట ఉండొచ్చు. తర్వాత అదే తోటలో తీసిన అసలు పిలుపును కింది ట్రాకులో పెట్టి పోల్చండి. ఆకారం కలిసి, ముందూ వెనకా సొంత చరణాలు విరామం లేకుండా అతుక్కుని ఉంటే అనుకరణ అనుకోవడానికి బలం ఉంది. ఒక్కసారే వినిపించినదాన్ని పట్టికలో 'అనుమానం' అనే గడిలో ఉంచండి. పాట విని పేరు చెప్పే యాప్ అనుకరణ దగ్గర తేలిగ్గా పొరబడుతుంది. దాని జవాబును సాక్ష్యంగా రాయొద్దు.

పాట వినిపించి పిట్టను రెచ్చగొట్టొద్దు. గూడు కట్టే కాలమిది. పైగా రెచ్చిన పిట్ట మామూలు వరుసలో పాడకపోవచ్చు, మీ పట్టికా చెడుతుంది.

వచ్చే పాఠానికి ఒకే పిట్ట పాట కనీసం మూడు ఉదయాలది, లేబుళ్లతో సహా, సిద్ధం చేసుకోండి.